మిట్టమధ్యాహ్నపు నీలం

ఫొటోగ్రాఫరు గారికి కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరగడం ఒక్కటే వచ్చని ఆయన భార్య అంటుండేది. పాపం, ఆవిడ సగమే చెప్పింది. ఆయనకు ఎదురుచూడటం కూడా వచ్చు. కొండ అంచున స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, తనకు కావలసిన వెలుగు ఎప్పుడొస్తుందా అని కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చునేవాడు. ఆ రోజు రాకపోతే మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. ఏ కంపెనీకీ ఉద్యోగి కాదు, ఏ పత్రికకూ జీతగాడు కాదు. బుద్ధి పుట్టిన దారిన పోయి, అక్కడి కొండనో చెరువునో పట్టుకుని ఇంటికొచ్చి, ముందు గదిలో పెద్ద ప్రింటు తీసి, గోడకు వేసుకుంటామన్న వాళ్ళకు ఇచ్చేవాడు. హాయిగా పెళ్ళిళ్ళు తీసుకోవయ్యా అని సలహా చెప్పిన పెద్దమనుషులకు లోటు లేదు. "పెళ్ళిలో అందరూ కెమెరా వంకే చూస్తారండీ. కొండ అలా చూడదు" అనేవాడు. ఇలాంటి మాటలు ఆయన దగ్గర బస్తాలకొద్దీ ఉండేవి.

బొమ్మలు మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. బాగున్నాయి అనేవాళ్ళు, కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ తర్వాత, జుట్టు నెరిశాక, ఆయన బొమ్మల్లోకి ఒక నీలం వచ్చింది. ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు. కొండలమీద, నీళ్ళమీద, ఎండిన గడ్డిమీద కూడా పల్చగా ఆ నీలం పరుచుకునేది. చూసినవాళ్ళు నిలబడిపోయేవాళ్ళు. ఎప్పుడో కలలో వెళ్ళిన చోటులా ఉంది అనేవాళ్ళు. ఒక నర్సమ్మ డ్యూటీ దిగి ఇంటికి పోతూ దారిలో ఆ ముందుగది కిటికీ దగ్గర ఆగి, లోపల వేలాడుతున్న బొమ్మను చూసుకుని గాని కదిలేది కాదు. నలుగురూ కలిసి ఆయనకు "నీలాలాయన" అని పేరు పెట్టేశారు. ఇప్పుడు ఊళ్ళోకల్లా పెద్ద గ్యాలరీ వాళ్ళు ఆయన బొమ్మలతో ప్రదర్శన పెడుతున్నారు.

"పాత రంగులవి వద్దు సార్. నీలాలే కావాలి. ఇకమీద తీసేవి కూడా నీలంగానే ఉండాలి సుమండీ!" అన్నాడు గ్యాలరీ యజమాని, ఏదో దర్జీకి కొలతలు చెప్పినట్టు.

ఆయనకు కోపం రాలేదు. రాకపోగా కడుపు నిండింది. ఇన్నేళ్ళ తిరుగుడులో మొట్టమొదటిసారి లోకం ఒకదాన్ని వేలుపెట్టి చూపించి, ఇదిగో ఇది నీది అంది. ఆ నీలమే పోతే తానెవరన్నది ఆయనకు తెలీదు. ఆ భయం ఎప్పుడూ లోపల ఒక మూల ఉండేది.

ఇంట్లో పని ఇద్దరిదీ. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని రంగులు సరిచేసి ప్రింటు తీస్తాడు. బొమ్మ చుట్టూ వేసే అట్టను కొలిచి, కోసి, అద్దం బిగించేది ఆవిడ. ఒకప్పుడు ఆవిడ ప్రయాణాల్లో కూడా వెంట ఉండేది. కొండెక్కే దారిలో అలిసిపోయి తిట్టుకుంటూ, పైకెక్కాక అన్నీ మరిచిపోయి చేతులు చాపుకుని తిరిగేది. తర్వాత మోకాళ్ళ నొప్పులని మానేసింది. అప్పట్నుంచి ఆవిడ తమ్ముడు ఒక్కడే కారు తోలుకుంటూ వెంట వెళ్ళేవాడు. బావమరిది మంచివాడే, కాకపోతే కారు ఆగిన మరుక్షణం సీటు వెనక్కి వాల్చి గుర్రు పెడతాడు. అంత అందమైన చోట్లలో అంత నిద్ర ఎవరూ పోయి ఉండరు.

ప్రదర్శనకు కొత్తగా రెండు మూడు కావాలని ఒకనాడు బావా బావమరిదీ చెరువు వైపు వెళ్ళారు. ఫొటోగ్రాఫరుకు ఆ వేళ ఒళ్ళంతా పులకరించింది. చెరువు మీద పొగమంచు దట్టంగా వాలి ఉంది. అవతలి గట్టు చెట్లు సగం కరిగి నీళ్ళలో కలిసిపోతున్నాయి. సూర్యుడి చుట్టూ తేనెరంగు వలయం, ఆ వలయం చుట్టూ ఇంకొకటి. లోకం నిద్ర లేవబోయి మళ్ళీ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నట్టుంది. ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా అదృష్టం ఇలాగే కలిసొస్తోంది ఆయనకు. ఎప్పుడు చూసినా మంచే, ఎక్కడ చూసినా మెత్తదనమే. తనకోసమే దేవుడు లోకం అంచులన్నీ అరగదీసి పెడుతున్నాడని ఆయన మురిసిపోతున్నాడు.

"ఒరేయ్, లేవరా! ఇలాంటి మంచు మళ్ళీ జన్మలో చూడవు" అని కేకేశాడు.

బావమరిది కళ్ళు నులుముకుంటూ వచ్చి నిలబడ్డాడు. చెరువును చూశాడు. బావను చూశాడు. మళ్ళీ చెరువును చూశాడు.

"మంచేది బావా?"

"ఎదురుగా పెట్టుకుని ఏదంటావేమిట్రా?"

"ఎండ మాడ్చేస్తోంది బావా! అవతలి గట్టున బట్టలుతుకుతున్న మనుషుల్ని నేను లెక్కపెట్టగలను. అదుగో, ఒకామె మనకేసి చెయ్యూపుతోంది కూడాను."

ఫొటోగ్రాఫరు నవ్వాడు. వాడు నిద్రమత్తులో ఉన్నాడనుకున్నాడు. వాడు మాత్రం నవ్వలేదు. తిరిగొచ్చే దారంతా బావను ఓరగా చూస్తూ కారు తోలాడు. ఇల్లు చేరగానే నేరుగా అక్క దగ్గరికి పోయి, "అక్కా, బావకు కళ్ళు కనబడటం లేదే!" అని బావురుమన్నాడు. ఇంకేముంది, ముగ్గురూ కంటి డాక్టరు దగ్గర తేలారు.

డాక్టరమ్మ చీకటి గదిలో ఆయన కళ్ళలోకి సన్నటి వెలుగు వేసి చాలాసేపు చూసింది. లేచి దీపం వేసింది.

"రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయండీ. ఇవాళ్టివి కావు, ఏళ్ళబట్టీ ఉన్నవి. మీరు లోకాన్ని తేనెసీసాలోంచి చూస్తున్నారు. అన్నీ పచ్చగా, మసగ్గా కనిపిస్తాయి. నీలం రంగైతే కంటి లోపలికి సరిగ్గా రానే రాదు" అంది. ఊళ్ళో అందరిలాగే ఆవిడా ఆయన నీలాలు చూసినదే. అందుకే నెమ్మదిగా అడిగింది. "బొమ్మల్లో ఆ నీలం మీరే కలుపుతారా?"

"కలపడమేమిటండీ, సరిచేస్తాను. బొమ్మ తెరమీదికి వచ్చేసరికి రంగు చచ్చిపోయి ఉంటుంది. నేను చూసిన రంగు నాకు గుర్తుంటుంది కదా! అది వచ్చేదాకా..."

అని ఆగిపోయాడు.

మీకు అర్థమయ్యే ఉంటుంది, ఆయనకూ అర్థమైంది. నీలం చూడలేని కన్ను, నీలం గుర్తున్న మనసు. కంటికి ఆనేదాకా కలుపుతూ పోయాడు. శుక్లం ముదిరినకొద్దీ ఇంకాస్త, ఇంకాస్త. జనం నెత్తిన పెట్టుకున్న నీలమంతా ఆయన కంట్లో పెరిగిన పొర. ఆ క్షణంలో తన చేతిలోంచి ఎవరో పిల్లను లాక్కుపోయినంత బాధ కలిగింది ఆయనకు.

"ఆపరేషన్ చిన్నదే. పొర తీసేసి లోపల కొత్త అద్దం పెడతాం. అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి" అంది డాక్టరమ్మ.

"మరి నా నీలం?"

డాక్టరమ్మ ఆపరేషన్ కాగితాలు ఆయన ముందుకు జరిపింది.

ఆ తర్వాత ఇంట్లో ఒకటే గొడవ. బావమరిది నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "గుడ్డివాడివైతే నీలమేమిటి, నలుపే మిగుల్తుంది బావా!" అన్నాడు. వాడి నోట ఎప్పుడోగాని తెలివైన మాట రాదు, వచ్చినప్పుడు ఇలా వస్తుంది. ఫొటోగ్రాఫరు బెంగ వేరు. కొత్త కళ్ళతో కూర్చుని సరైన రంగులు వేస్తే తన బొమ్మలు ఎవరికి కావాలి? ఎండ ఎండలా, కొండ కొండలా తీసేవాళ్ళు వీధికి పదిమంది. మళ్ళీ జనం బాగున్నాయి అని కాఫీ తాగి వెళ్ళిపోతారు. ఆయన ఆ రోజులకు మళ్ళీ వెళ్ళదలచుకోలేదు.

ఆవిడ మాత్రం అట్టలు కోసుకుంటూ వింటూ కూర్చుంది. అసలు ఆయన బొమ్మల గురించి ఆవిడ మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. తెల్ల అట్ట వెయ్యమని చెప్పి ఆయన మీగడరంగుది తీసిస్తే, మారుమాట లేకుండా అది పక్కన పెట్టి తెల్లదే వేసేది. ఆయన మనసు ఎక్కడో ఉందిలే అనుకునేది.

చివరికి ఆయనే ఒక బేరం తెచ్చాడు. ఒక కన్ను బాగుచేయించుకుంటాడు. రెండోది ముట్టుకోకూడదు. బాగైన కన్నుతో దారి చూసుకుంటాడు, పాత కన్నుతో రంగులు వేసుకుంటాడు. "ఒకటి మనకి, ఒకటి గ్యాలరీకి" అన్నాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు. డాక్టరమ్మ ముక్కున వేలేసుకుంది. పాత కన్ను అలా వదిలేస్తే ఇంకా ముదురుతుందనీ, తర్వాత తీయడం కష్టమవుతుందనీ చిలక్కు చెప్పినట్టు చెప్పింది. ప్రదర్శన అయ్యాక చూద్దామని దాటేశాడాయన. కుడి కంటికి ఆపరేషన్ చేశారు.

కట్టు విప్పిన ఉదయం ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడాయన. కుడి కన్ను తెరిచాడు. ఇక చూడండి. ఆకాశం కిటికీలో పట్టక గదిలోకి పొర్లి వచ్చింది. గోడ మీద కిటికీ ఊచల నీడలో నీలం. దుప్పటి ముడతల్లో నీలం. గ్లాసు అంచు మీద, తన చేతి నరాల్లో, ఆఖరికి పాలమీద పడ్డ గిన్నె నీడలో కూడా నీలం. ఆ కన్ను మూసి ఎడమది తెరిస్తే ఆ గదే ఎవరో పొగబెట్టినట్టు గోధుమరంగులో మసగ్గా ఉంది. ఒక కన్ను మూస్తే ఒక లోకం, ఇంకొకటి మూస్తే ఇంకొకటి. చిన్నపిల్లాడిలా ఒకదాని తర్వాత ఒకటి మూసి తెరుస్తూ ఆ రెండు లోకాల మధ్య గుమ్మంలో చాలాసేపు తచ్చాడాడు. ఇంత నీలం ఇన్నాళ్ళూ ఊరికే పడి ఉందా, నేను కలిపేదేమిటి నా మొహం అనుకున్నాడు.

లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. ప్రదర్శనకు వెళ్ళాల్సినవన్నీ గోడకానించి ఉన్నాయి. కుడి కన్నుతో చూసి కొయ్యబారిపోయాడు.

అన్నింట్లో చీకటి పడబోతోంది. ఉదయాలన్నీ సాయంత్రాలు. వాటిలో మనుషులెవరూ లేరు, ఇక రారు కూడా. ముందు వరసలో ఉన్నది పసుపు పూల చేను. ఆయన నీలాల్లో అదే మొదటిది, అన్నిటికంటే పేరు తెచ్చింది. గ్యాలరీ గుమ్మంలో పెడతామన్నారు. అందులో పూలు బూడిదరంగులో ఉన్నాయి. ఎడమ కన్నుతో చూస్తే మాత్రం ఆయనకు తెలిసిన చేనే, ఎండలో నవ్వుతూ.

ఆవిడ కంటి మందు పట్టుకుని వెనకే వచ్చింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, రెండు చుక్కలు వేసింది.

"ఇన్నాళ్ళూ నీకు ఇవి ఇలాగే కనిపించాయా?" అని అడిగాడు.

"ఎలా?"

"ఇలా, దీపం పెట్టని ఇంట్లా."

ఆవిడ మందు సీసా మూత బిగించింది. "కనిపించాయి."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం? రంగు తప్పిందని అంటే సరిపోయేదిగా!"

"రంగు తప్పిందని నాకేం తెలుసండీ? మీ లోపల అలా ఉందనుకున్నాను."

ఆయనకు తలకెక్కలేదు. ఆవిడ పూల చేను ఎదురుగా నేలమీద కూర్చుంది. మోకాళ్ళు మడిచి, ఏ అవస్థా లేకుండా కూర్చుంది.

"ఈ బొమ్మ తీసిన రోజు గుర్తుందా? మిట్టమధ్యాహ్నం. నేను కూడా ఉన్నాను. మా తమ్ముడు బురద గుంటలో మోకాళ్ళదాకా దిగబడి బూటు పోగొట్టుకున్నాడు. వాణ్ణి లాగబోయి మీరూ పడ్డారు. నేను నవ్వలేక, నిలబడలేక రోడ్డుమీద కూర్చుండిపోయాను. తర్వాత ముగ్గురం చేను గట్టున బ్రెడ్డు తిన్నాం. ఇంత ఎండలో బొమ్మేం బాగుంటుందని గొణుక్కుంటూనే ఒక్కటి తీశారు. నా జన్మలో అంత హాయిగా ఇంకే రోజూ లేనండీ."

"గుర్తుంది."

"ఆ తర్వాత మీరు ఈ ప్రింటు తీసి నా చేతిలో పెట్టారు, అట్ట వెయ్యమని. చూస్తే మిట్టమధ్యాహ్నం కాస్తా పొద్దుగుంకింది. పూలు చచ్చిపోయాయి. ఆ రోజు నాకు అలా, మీకు ఇలా! నాతో ఉన్న రోజు ఈయనకు ఇంత దిగులుగా గడిచిందా అనుకున్నాను. నా వాగుడుతో, నా నవ్వుతో మీ పనికి అడ్డమొస్తున్నానేమో అనుకున్నాను. పైగా తర్వాతవన్నీ ఇలాగే వచ్చాయి. జనం మెచ్చుకుంటున్నారు. నేనేం అడగను?"

"మోకాళ్ళు?"

"మోకాళ్ళకేం? గుండ్రాళ్ళలా ఉన్నాయి. మేడ మెట్లు రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతానో మీరెప్పుడూ చూళ్ళేదా?"

ఆయన చూళ్ళేదు. కొండల్ని చూశాడు, చెరువుల్ని చూశాడు. ఆయన లేచి వచ్చి ఆవిడ పక్కన నేలమీద కూలబడ్డాడు.

"అది దిగులు కాదే పిచ్చిదానా. ఆ రోజు ఆకాశం నాకు గుర్తు. నువ్వు రోడ్డుమీద కూర్చుని నవ్వుతుంటే వెనక ఎంత నీలంగా ఉందో! బొమ్మలో ఆ నీలం ఎంతకీ రాలేదు. ఇంత చచ్చు ఆకాశమా, నేను చూసింది ఇది కాదే అనుకుని కలిపాను. ఇంకా రాలేదని మళ్ళీ కలిపాను. పూలు నాకు పచ్చగానే కనిపించాయి, ఒట్టు. ఆ రోజు మళ్ళీ ఉన్నదున్నట్టు రావాలనే కలిపాను."

ఆవిడ బొమ్మ వంక చూసింది. తర్వాత ఆవిడకు కోపం వచ్చింది. అలాంటిలాంటి కోపం కాదు, అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంటే... కంట్లో పొరకా? కంట్లో పొరకా నేను ఇన్నేళ్ళు ఇంట్లో కూర్చున్నాను? ఎన్ని కొండలు, ఎన్ని చెరువులు! వాడేమో కార్లో గుర్రుపెట్టి నిద్రపోయె, నేనేమో ఇక్కడ అట్టలు కోసుకుంటూ ఏడిస్తిని! రానంటే ఎందుకు రావని ఒక్కసారి గట్టిగా అడిగారా మీరు?"

"నాతో విసిగిపోయావేమో అనుకున్నాను" అన్నాడాయన. "అడిగితే అవునంటావని భయం వేసింది."

ఆయన కుడి కంట్లోంచి నీళ్ళు కారాయి.

"ఏడవకండి! ఇప్పుడే మందు వేశాను, కొట్టుకుపోతుంది" అని కసిరింది ఆవిడ. కసురుతూ తనే ఏడ్చింది. ఇద్దరూ ఆ నీలాల మధ్య నేలమీద కూర్చుని, ఎవరిని తిట్టాలో తెలియక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

కాసేపటికి ఆయన లేచి, కంప్యూటరులో ఆ రోజు కెమెరా పట్టుకొచ్చిన అసలు బొమ్మను వెతికి తీశాడు, ఒక్క చుక్క రంగు కలపనిది. కుడి కన్నుతో చూశాడు. మిట్టమధ్యాహ్నం తెరనిండా విరగకాసింది. పూలు కళ్ళు మూసుకోవాలనిపించేంత పచ్చగా ఉన్నాయి. ఆకాశం ఎంత ఉండాలో అంత ఉంది. కెమెరా పాపం అన్నీ సరిగ్గానే చూసింది, ఒక్క నీడ కూడా తప్పుగా రాయలేదు.

"ఇదే. ఇలాగే ఉంది" అంది ఆవిడ వెనకనుంచి.

గొప్పగా ఏమీ లేదు ఆ బొమ్మలో. ఎండ ఎండలా ఉంది, చేను చేనులా ఉంది. గ్యాలరీ వాళ్ళు చూస్తే, బాగుంది సార్ అని కాఫీ తాగి లేచిపోతారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. చేతికందిన పేరు వదులుకోవడం ఎవరికైనా కష్టమే, ఆయనేం ఋషి కాదు. ఎడమ కన్ను ఇంకా ఉంది, కావాలంటే ఆ పాత లోకం మూసిన రెప్పంత దూరంలో ఉంది. కుడి కన్ను మూసి వెనక్కి తిరిగి ఆవిడను చూశాడు. మళ్ళీ ఆ కన్ను తెరిచి చూశాడు. తర్వాత ఫోను తీసుకుని డాక్టరమ్మకు కలిపాడు.

"రెండోది కూడా చేసెయ్యండి, ఎంత తొందరగా వీలైతే అంత."

"అదేమిటండీ? ప్రదర్శన అయ్యేదాకా ముట్టుకోవద్దన్నారు. ఆ నీలం కావాలన్నారుగా?" అంది డాక్టరమ్మ.

"ఉన్నవి వేలాడదీసుకుంటారు లెండి. ఇకముందు వాళ్ళకు నచ్చితే నచ్చుతాయి, లేకపోతే లేదు." ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "ఇక్కడ మా ఆవిడ ఎదురుగా ఉందండీ. ఎడమ కన్నుతో చూస్తే నవ్వుతున్నట్టే ఉంది. కుడి కన్నుతో చూస్తే ఏడుస్తోంది. అది నా రెండో కంటికి కూడా తెలియాలి."

ఆవిడ చేత్తో మొహం తుడుచుకుని, ఆయన చేతిలో ఫోను లాక్కుంది.

"ఎప్పుడు రమ్మంటారో చెప్పండి డాక్టరుగారూ. ఈసారి మా తమ్ముడు కాదు, నేను వెంట వస్తాను" అంది.